మా అత్తకు కామెర్లు కాదు

"అత్త పోయింది పాపా" అని గిద్దలూరు నుంచి నాయన ఫోన్ చేశాడు. ఇక్కడ మార్కాపురంలో నేను ఏడుపు మొదలుపెట్టకముందే రెండో మాట అన్నాడు. "ఎవురన్నా అడిగితే కామెర్లని చెప్పు." నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట ఇంకా తగ్గలేదు, అందుకే ఇది రాస్తున్నాను. మా మేనత్తకు వచ్చింది కామెర్లు కాదు, అండాశయంలో క్యాన్సర్. మా నాయనమ్మకూ అదే వచ్చి ఉంటుంది. ఆమెను "కడుపునొప్పి" అని చెప్పి సాగనంపారు.

అత్త మా నాయనకు అక్క. పిల్లలు లేరు, నన్నూ చెల్లెలినీ తన పిల్లలనే అనుకునేది. మాది గొర్రెలు కాసే ఇల్లు. మందలోకి కొత్త పొట్టేలు తేవాలంటే బేరం అత్తదే. పళ్ళూ కాళ్ళూ అందరూ చూస్తారు, అత్త మాత్రం "దీని తల్లి ఎట్లుండాది? ఏమన్నా రోగమొచ్చి చచ్చిందా?" అని అడిగేది. అమ్మేవాడు నీళ్ళు నమిలితే లేచి వచ్చేసేది. టీ తాగేటప్పుడు బెల్లం ముక్క బుగ్గన పెట్టుకునేది. మేం నవ్వితే మా నోట్లోనూ ఒకటి కుక్కేది. మొహమాటం లేకుండా అడగడం నాకు అబ్బిందంటే అది ఆమె చలవే.

ఆపరేషన్ చేసిన గుంటూరు డాక్టరమ్మ, తీసిన గడ్డ ముక్కను జన్యు పరీక్షకు పంపింది. అందులో ఒక తేడా కనిపించింది. అది గడ్డలోనే పుట్టిందా, పుట్టుకతోనే ఒంట్లో ఉందా తెలియాలంటే రక్తం చూడాలంది. చూస్తే రక్తంలోనూ ఉంది. అంటే కన్నవాళ్ళ నుంచి వచ్చినదే. "మీ తమ్ముడు కూడా రక్తమిస్తే మేలమ్మా. ఆయనలో ఇది లేకపోతే ఆయన నుంచి ఈ ఆడపిల్లలకు రాదు. ఉంటే వాళ్ళూ పరీక్ష చేయించుకుని ముందే జాగ్రత్తపడొచ్చు" అని చెప్పింది.

నాయన నవ్వాడు. "నాకేమన్నా గర్భసంచి ఉండాదా?"

మగవాళ్ళ నుంచి కూడా వస్తుందని ఆమె నచ్చచెప్పినా వినలేదు. అసలు సంగతి వేరే. చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు. రోగం పేరు బయటపడితే ఎవరూ గడప తొక్కరని ఆయన భయం.

కీమోకు జుట్టంతా ఊడినా అత్త అట్లాగే వీధి అరుగు మీద కూర్చునేది. నాయన తలకు గుడ్డ తెచ్చిస్తే విసిరికొట్టింది.

"ఒరే, పొట్టేలును కొనేటప్పుడు దాని తల్లి సంగతి అడుగుతాం. మన తల్లి సంగతి మన బిడ్డలకు చెప్పేదానికి నీకు సిగ్గేందిరా? చిన్న సీసాడు రక్తం అడిగినాను, తలకాయ అడగలా!"

పోయేవరకూ ఆమె అడిగింది అదొక్కటే. నాయన చెడ్డవాడేమీ కాదు. అత్తను ఆస్పత్రుల చుట్టూ తిప్పిందీ, అన్నం కలిపి తినిపించిందీ ఆయనే. అంత ప్రేమ ఉన్న మనిషి ఆ ఒక్కటీ ఎందుకు చేయలేదని నాకు మరీ కోపం.

పెద్దదినం నాడు వెలిగండ్ల నుంచి, చెల్లెలికి కుదిరేలా ఉన్న సంబంధం వాళ్ళు పలకరింపుకు వచ్చారు. "అక్కకు ఏమైంది బావా?" అని పెళ్ళికొడుకు తండ్రి అడిగాడు.

"కామెర్లు" అన్నాడు నాయన.

టీ గ్లాసులు అందిస్తున్న చెల్లెలు ఆగింది. "కాదు, క్యాన్సర్. మా నాయనమ్మకూ అదేనంట. నాకొస్తాదో రాదో తెలీదు. మా నాయన రక్తమిస్తే కొంతన్నా తెలుస్తాది, ఇయ్యడంలా."

వాళ్ళు టీ ముట్టకుండా లేచారు. నాయన చెయ్యెత్తాడు. చెల్లెలు కదల్లేదు. ఎత్తిన చెయ్యి దించుకుని ఆయనే బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే "గుంటూరు రైలుకు పోదాం, లేయండి" అన్నాడు. గిద్దలూరు స్టేషన్లో మాకు దూరంగా వేరే బెంచీ మీద మొహం తిప్పుకుని కూర్చున్నాడు. నాకూ ఆయనతో మాట్లాడాలనిపించలేదు. ఇది అత్త కళ్ళ ముందు చేయాల్సిన పని. రైలు ఇంకా రాలేదు. నాయన మాత్రం ఎడమచేతి చొక్కాను అప్పుడే మోచేయి పైదాకా మడిచి పెట్టుకున్నాడు.