మస్తాన్ గారి కుడిచెయ్యి, నా రిపోర్టు

ఇప్పుడు చెప్పబోయేది అగ్నికీ మనిషికీ జరిగిన మహాసంగ్రామం. ఒక పక్క విజ్ఞానం, ఒక పక్క ప్రకృతి, నడుమ నేను. ఇలా మొదలుపెడదామనే అనుకున్నాను. కానీ నడుమ ఉన్నది జిడ్డు ఓడే మట్టికుప్ప. నేను కాస్త దూరంగా, నీడలో, టీ తాగుతున్నాను.

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, వేసవి. చిలకలూరిపేట దాటాక హైవే పక్కన పత్తిగింజల నూనె శుద్ధి చేసే చిన్న ఫ్యాక్టరీ. ఇన్సూరెన్సు వాళ్లు రసాయనాల ప్రమాదం మీద రిపోర్టు అడిగితే, ఓనరుగారు ఒంగోలు నుంచి నన్ను పిలిపించారు. నా ఉద్యోగం అదే. మా దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అణువు నిర్మాణం ఇస్తే దాన్ని ముక్కలు చేసి, ఏ ముక్కకి ఎంత శక్తో కూడి, ఆ పదార్థం విడిపోతే ఎంత వేడి పుడుతుందో, పేలే గుణం ఉందో లేదో అంచనా కడుతుంది. ల్యాబులో గ్రాము కూడా తగలబెట్టక్కర్లేదు. "పేరూ నక్షత్రం ఇస్తే జాతకం చెప్పినట్టేగదరా" అంటుంది మా అమ్మ.

నూనె రంగు తీయడానికి బ్లీచింగ్ ఎర్త్ అనే మెత్తటి మట్టిపొడి కలిపి వడగడతారు. వాడిన మట్టిలో బోలెడు నూనె మిగిలిపోతుంది. ఇటుకబట్టీ వాళ్ల లారీ వచ్చేదాకా దాన్ని వెనక షెడ్డులో కుప్ప పోస్తారు.

షిఫ్టు సూపర్‌వైజరు మస్తాన్‌వలి గారు. యాభై దాటిన మనిషి. అంతకుముందు ఇరవై ఏళ్లు మిర్చి కల్లాల్లో, కోల్డ్ స్టోరేజీల్లో పని. నేను వెళ్లేసరికి కుప్పలో మోచేతిదాకా చెయ్యి దూర్చి, కళ్లు మూసుకుని నిలబడ్డారు.

"ఏమన్నా దొరికిందాండీ?" అన్నాను.

"వెచ్చదనం దొరికింది సార్. ఆరని కాయ కుప్ప పోస్తే లోపల కాగదూ? ఇదీ అంతే. పూటకోసారి తిరగేసి నీళ్లు చల్లాల."

"మిర్చి వేరు, మట్టి వేరు కదండీ."

"చేతికి అయ్యన్నీ తెలవ్వు సార్. వేడొక్కటే తెలుసుద్ది."

నేను నవ్వాను. ఆ నవ్వు వెనక్కి తీసుకునే మీట ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు.

నూనె అణువుని సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాను. 'తక్కువ ప్రమాదం' అని వచ్చింది. అబద్ధం కాదు. నూనె దానంతటది పేలదని బజ్జీలబండి వాళ్లందరికీ తెలుసు. మట్టి ఎలాగూ కాలదు. ఈ రెండు మంచి మార్కుల్నీ పక్కపక్కన పెట్టి రిపోర్టు రాసేశాను.

ఓనరుగారికి అందులో 'తక్కువ ప్రమాదం' అన్న ఒక్క ముక్కే నచ్చింది.

"చూశావా మస్తాన్, కంప్యూటరే చెబుతోంది. కుప్ప తిరగేసే ఇద్దర్నీ లోడింగుకి పంపు."

"అయ్యా, ఈ ఒక్క ఎండాకాలం పోనీండి."

"ఇంజనీరుగారి కంటే నీకెక్కువ తెలుసా?"

మస్తాన్ గారు నా వైపు చూశారు. 'తిరగేస్తే నష్టమేముంది' అని నేనంటే సరిపోయేది. రెండే మాటలు. నేను ఫోన్ చూసుకున్నాను. ఫోన్‌లో ఏమీ రాలేదు.

రెండు వారాలకి, ఒక మధ్యాహ్నం, షెడ్డులో మాడువాసన. మంట లేదు, పొగ లేదు. మస్తాన్ గారు అలవాటుగా చెయ్యి దూర్చారు. లోపల నిప్పు. జిడ్డుమట్టి చేతికి అంటుకుని ఊడిరాలేదు. మిగతావాళ్లు పైపుతో కుప్ప ఆర్పేశారు. రేకు ఒకటి నల్లబడింది. పేపర్లో కూడా పడలేదు.

ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ మాన్యువల్ తెరిచాను. ఈ అంచనా విడి పదార్థానికే అని మొదటి అధ్యాయంలోనే ఉంది. నూనె మెత్తటి పొడిలో ఇంకి, గాలి తగులుతూ కుప్పగా ఉంటే, నెమ్మదిగా ఆక్సిజన్‌తో కలుస్తుంది. పుట్టిన వేడి బయటికి పోలేక పెరుగుతుంది. దీన్ని సెల్ఫ్ హీటింగ్ అంటారు, విడిగా పరీక్ష చేయించాలి. నేను అప్పట్లో మూడో అధ్యాయం నుంచే చదివాను. బొమ్మలు అక్కణ్ణించి మొదలవుతాయి.

గుంటూరు ఆసుపత్రికి వెళ్లాను. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద ఉంది. వాళ్లావిడ ముద్దలు కలిపి పెడుతోంది.

"తప్పు నాదేనండీ" అన్నాను.

"మరెవురిదనుకున్నారు?" అన్నారాయన. "కోపమేం లేదులే సార్. అన్నం తినేటప్పుడు మాత్రం వస్తది. మూడుపూట్లా తింటా గదా."

వాళ్లావిడ ఇంకో ముద్ద నోట్లో పెట్టి ఆ మాట అక్కడితో ఆపించింది.

పుండు మానింది. రెండు వేళ్లు ముడుచుకోవు. ఆ చర్మానికి వేడీ చల్లదనం తెలియవు. ఆయన్ని గేటు దగ్గర వేశారు. లారీ నంబర్లు ఎడమచేత్తో రాస్తారు.

నేను నేర్చుకున్నది ఇంతే. పదార్థం సంగతి సాఫ్ట్‌వేర్‌ని అడగాలి, కుప్ప సంగతి కుప్ప దగ్గర నిలబడే మనిషిని అడగాలి. ఇద్దరి మాటా కలవకపోతే రిపోర్టు ఆపాలి. ఇప్పుడు ఆపుతున్నాను. ఒక చేతికి మాత్రం ఆలస్యమైంది.

ఇప్పుడక్కడ మట్టిని తడిపి, మూతలున్న ఇనుపడ్రమ్ముల్లో పెడుతున్నారు. చేతికి బదులు పొడుగు కడ్డీ థర్మామీటరు ఒకటి కొన్నారు. దానికి రెండు పెన్సిల్ సెల్స్ పడతాయి. సెల్స్ విడిగా కొనుక్కోవాలి.