పేర్లు లేని పళ్లేలు

పొద్దున దుకాణం షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ వచ్చింది. "అన్నా, అవ్వ పోయింది" అంది మౌనిక. "పిల్లలు తిన్నరా?" అన్నాను. "తిన్నరు. గోలీలు గూడ ఏసిన" అంది. అవ్వ ఉంటే ఆమె కూడా మొదట అదే అడిగేది.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. బోధన్‌లో నాది స్టీలు సామాన్ల దుకాణం. మోస్రా వైపు పోయే దారిలో, చెరుకు చేల మధ్య, హెచ్‌ఐవీ ఉన్న పిల్లల కోసం అవ్వ ఒక ఇల్లు నడిపింది. అమ్మానాన్న లేనివాళ్లు, చుట్టాలు దూరం పెట్టినవాళ్లు అక్కడ పెరిగారు. వాళ్లతో పాటు నేనూ ఆమెను అవ్వ అనే పిలిచాను.

ఆమె బేరం చూడాలి. పళ్లేన్ని గోటితో కొట్టి మోత వినేది. "ఏంది సేటూ, గిది తల్లెనా, డబ్బా రేకా?"

"సేటు అనకు అవ్వా, నాకేమన్న బిల్డింగులున్నయా?"

"పొట్ట ఉన్నది గద, సాలు."

దుకాణంలో ఉన్న వాళ్లంతా నవ్వేవాళ్లు.

మొదటిసారి పిల్లలందరికీ పళ్లేలు కొన్నప్పుడు, మా దగ్గర మిషన్ ఉంది కదా, ఒక్కో పళ్లెం మీద ఒక్కొక్కరి పేరు ఊరికే కొట్టిస్తానన్నాను. అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు బిడ్డా. ఇండ్లల్ల వీళ్లకు తల్లె వేరే, గిలాస వేరే పెట్టిండ్రు. గుర్తులు సూసి సూసే వచ్చిండ్రు. మా ఇంట్ల ఎవ్వల తల్లె ఎవ్వలదో తెల్వద్దు."

సామాన్లు దింపడానికి వెళ్లినప్పుడు చూసేవాణ్ని. పొద్దున, రాత్రి ఒకే వేళకు మందు గోలీలు. ఎంత పెద్దమనిషి వచ్చి కూర్చున్నా అవ్వ మధ్యలో లేచిపోయేది. "ముచ్చట ఆగుతది, గోలీ ఆగది" అనేది. మింగినట్టు చేసి బుగ్గలో దాచే తుంటరులు ఉంటారు కదా, "నాలిక సూపెట్టు" అని ఒక్కొక్కరి నోట్లోకి తొంగి చూసేది.

మౌనిక వచ్చిన కొత్తలో నేను చూసిన ఒక మధ్యాహ్నం మరిచిపోలేను. ఏడెనిమిదేళ్ల పిల్ల. కందకుర్తి దగ్గరి ఊరి నుంచి నానమ్మ దించిపోయింది. వెంట పళ్లెం కూడా పంపింది. దాని వెనక మేకుతో గీసిన ఇంటూ గుర్తు ఉంది. అందరూ వరుసలో తింటుంటే ఈ పిల్ల ఒక్కతే గోడ దగ్గర తన పళ్లెం పెట్టుకుని కూర్చుంది.

అవ్వ తన పళ్లెంతో వెళ్లి పక్కన చతికిలబడింది. "నీ తల్లె మస్తుగున్నది, నాకియ్యి."

"ముట్టద్దు. నీకు గూడ రోగం అంటుకుంటదట. నానమ్మ చెప్పింది."

"ఒక్క తల్లెల తింటె అంటుకునేది గాదు బిడ్డా." ఆ పళ్లెంలోని పప్పన్నం కలుపుకుని అవ్వ తినడం మొదలుపెట్టింది. పిల్ల కళ్లప్పగించి చూసింది. "నాకైతే రుచిల ఫరక్ దొర్కలే. నా దాంట్ల తిని నువ్వు సూడు."

పిల్ల తిన్నది. నేను వచ్చేటప్పుడు అవ్వ ఆ గుర్తు పళ్లేన్ని నా చేతిలో పెట్టింది. "పాత సామాన్ల ఏసుకో సేటూ. గుర్తు లేనిది ఒకటి పంపియ్యి."

ఆ మౌనికే పెద్దదై, ఇప్పుడు ఆ ఇల్లు చూసుకుంటోంది.

అవ్వ దినం రోజు టెంటు అతను మౌనికను పక్కకు పిలిచాడు. "ఇస్తరాకులు తెప్పిస్త. గీ తల్లెలల్ల ఊరోళ్లు తింటరా ఏంది?"

"తినకుంటే అన్నం మిగుల్తది అన్నా. పిల్లలకు తల్లె, మందికి ఇస్తరాకు అంటే మల్ల వేరు పెట్టినట్టే గద. అవ్వ దినం నాడు గట్ల చెయ్య."

పిల్లలూ వచ్చినవాళ్లూ కలిసి కూర్చున్నారు. మౌనిక పళ్లేలు వేసుకుంటూ పోయింది. కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ పళ్లెం ముట్టలేదు. అన్నం బకెట్ పట్టుకున్న పిల్లలు అక్కడే ఆగిపోయారు. మౌనిక నా వైపు కూడా చూడలేదు.

చివర కూర్చున్న ముసలామె తన ముందున్న పళ్లెం ఎత్తింది. మౌనిక నానమ్మ. దాన్ని తిరగేసి, వెనక బొటనవేలితో ఒకసారి తడిమింది. నున్నగా ఉన్నట్టుంది. మళ్లీ వెల్లకిలా పెట్టి, "పెట్టు బిడ్డా, ఆకలైతున్నది" అంది.

మౌనిక వంగి వడ్డించింది. ముసలామె కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. పక్కనున్నవాళ్లు పళ్లేలు ముందుకు జరుపుకున్నారు.

నేను బయల్దేరే సరికి పళ్లేలన్నీ కడిగి, వాకిట్లో నులక మంచం మీద ఎండకు బోర్లించి ఉన్నాయి. పిల్లలు తిన్నవి ఏవో, ఊరివాళ్లు తిన్నవి ఏవో, అమ్మిన నాకు కూడా తెలియలేదు.