మిరపకాయల చేతులతో సముద్రంలోకి

మా ఊళ్లో మిరపకాయలు కళ్లంలో పోసే రోజుల్లో నేను ఊళ్లో ఉండకూడదు. చిన్నప్పటి నుంచీ ఇదే ఏర్పాటు. గుంటూరుకి గంట దూరంలో నల్లరేగడి మీద మాకు మిరప, పత్తి చేలు ఉన్నాయి. ఊరంతా కాయలు ఆరబోసి, ఏరి, బస్తాలకెత్తే రోజుల్లో ఆ ఘాటు పడక నాకు పిల్లికూతలు మొదలయ్యేవి. అందుకని కళ్లం ఎర్రబడగానే మా అమ్మ నా బట్టలు సర్ది, సముద్రపు గాలి మంచిదని చీరాలలో మేనత్త ఇంటికి పంపేసేది. గాలి మంచిదే గానీ మాట్లాడటానికి ఎవరూ ఉండేవాళ్లు కాదు. అత్తా మామయ్యా ఉద్యోగాల నుంచి వచ్చేదాకా ఒడ్డున నిలబడి నీళ్లు చూసేదాన్ని. ఉబ్బసం పిల్ల కదా, కాలు కూడా తడవనిచ్చేవాళ్లు కాదు. మిగతా పిల్లలకి సముద్రమంటే షికారు, నాకేమో శిక్ష వేసి పంపే చోటు.

ఇప్పుడు నలభై దాటాను. గుంటూరులో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను, ఒక్కదాన్నే ఉంటాను. ఈ మార్చిలో ఇంటర్ పరీక్షలయ్యాక కాస్త సెలవు దొరికితే ఊరికి వద్దామని తమ్ముడికి ఫోన్ చేశాను. "కాయ కళ్లంలో ఉందక్కా, ఇప్పుడొద్దులే. ఇంకో నెల పోయాక రా," అన్నాడు. నా మంచికే అన్నాడు, అందులో తప్పేం లేదు. కానీ వాడి వెనక కాయలు ఏరుతున్న ఆడవాళ్ల నవ్వులు వినిపిస్తుంటే ఫోన్ పెట్టేయబుద్ధి కాలేదు. ఎలాగూ నన్ను తరిమేది సముద్రం దగ్గరికే కాబట్టి, ఈసారి ఒడ్డున నిలబడకుండా లోపలికే దిగి చూద్దామని ఆ పూటే నిర్ణయించుకున్నాను.

స్కూబా డైవింగ్ నేర్పే చోట్లకి ఫోన్ చేశాను. ఆస్తమా అనే మాట వినగానే అవతలి గొంతు మరీ మర్యాదగా మారిపోయేది. కొత్తపట్నంలో ఉండే బాషా గారు మాత్రం మామూలుగానే మాట్లాడారు. ఆయన చాలా ఏళ్లు ఓడరేవుల్లో నీటి అడుగున వెల్డింగ్ పనులు చేసి, ఇప్పుడు సొంతూళ్లో వచ్చినవాళ్లకి డైవింగ్ నేర్పుతున్నారు. "డాక్టరు రాసిస్తే రండమ్మా. రాయకపోయినా రండి, చేపల పులుసు తిని సముద్రం చూసి వెళ్దురుగాని," అన్నారు. మా ఛాతీ డాక్టరు నన్ను మెట్లెక్కించి, పరుగెత్తించి, గొట్టంలోకి ఊదించి, ఏడాదిగా ఉబ్బసం అదుపులోనే ఉందని తేల్చుకున్నాకే రాసిచ్చారు. ఆయన వద్దంటే నేను వెళ్లేదాన్ని కాదు, మీరూ వెళ్లకండి. బాషా గారు తన వంతుగా ఇంకో షరతు పెట్టారు. అక్కడున్న రెండు రోజుల్లో ఆయాసం వచ్చి ఇన్‌హేలర్ పంపు వాడాల్సి వస్తే సముద్రం లేనట్టే.

గుంటూరు నుంచి ఒంగోలుకి చిలకలూరిపేట మీదుగా బస్సులో మూడు గంటల లోపే. టికెట్టు రెండొందల పైచిలుకు. దారి పొడవునా కోల్డ్ స్టోరేజీల ముందు మిరప లారీలు బారులు తీరి ఉన్నాయి. కిటికీ మూసి, ముక్కుకి చున్నీ కట్టుకుని వాటిని దాటాను. మొదటి రోజంతా ఒంగోలులో ఈతకొలనులోనే పాఠం. నాతో పాటు నేర్చుకునేవాళ్లు ఇంకెవరూ లేరు. నీటి అడుగున ఊపిరి బిగబట్టకూడదన్నది మొదటి నియమం. పైకి వస్తుంటే ఒత్తిడి తగ్గి ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచిస్తుంది, దానికి బయటికి దారి ఉండాలి. ఏళ్లుగా బోర్డు మీద రాస్తున్న సూత్రమే అది, నా ఛాతీకి మాత్రం ఆ రోజే అర్థమైంది.

నాకు కొరుకుడు పడనిది ఒకే ఒక్క పాఠం. కళ్లకీ ముక్కుకీ కలిపి పెట్టుకునే మాస్కులోకి నీళ్లు నింపుకుని, సిలిండరు గొట్టంలోంచి నోటితో గాలి పీలుస్తూ, ముక్కుతో ఊది ఆ నీళ్లను బయటికి తోసేయాలి. ముక్కులోకి నీరు రాగానే నాకు ప్రాణం పోయినట్టయ్యేది. ఎన్నిసార్లు ప్రయత్నించినా దగ్గుతూ పైకొచ్చేశాను. చివరికి బాషా గారే ఒడ్డున కూర్చోబెట్టి, "రేపు దీని అవసరం పడకపోవచ్చు. పడితే మాత్రం మీరే చేసుకోవాలమ్మా. నేను చేయి పట్టుకోగలను గానీ మీ ఊపిరి నేను తీయలేను కదా," అన్నారు. లాడ్జి గదిలో కూర్చుని ఆ మాటే తలుచుకున్నాను. నిజానికి నాకది కొత్త సంగతి కాదు. ఉబ్బసం ఉన్నవాళ్లకి, ఇంటినిండా జనం ఉన్నా, ఊపిరి దగ్గరికొచ్చేసరికి ఎవరూ ఉండరు.

మర్నాడు పొద్దున్నే ఒంగోలులో కొత్తపట్నం వెళ్లే ఆటో ఎక్కాను. షేరింగ్ అయితే యాభై లోపే, ముప్పావుగంట దారి. "చుట్టాలింటికా మేడమ్?" అని అడిగాడు డ్రైవరు. డైవింగ్ నేర్చుకోవడానికని, అంటే నీళ్లలో మునిగి అడుగుదాకా వెళ్లడమని చెప్పాను. కాసేపు ఆలోచించి, "మునగడానికి నేర్చుకోవడం ఎందుకు మేడమ్, ఈత రాకపోతే చాలదా?" అన్నాడు. వారం రోజుల్లో నేను నవ్వింది అప్పుడే.

బాషా గారు సిలిండర్లు పడవలోకి చేర్చడానికి వెళ్లారు. ఇంటి ముందు వేపచెట్టు నీడలో ఆయన భార్య నూర్జహాన్ గారూ, పక్కింటి ఆడవాళ్లూ టార్పాలిన్ మీద మిరపకాయల రాశి చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తున్నారు. ఏడాదికి సరిపడా కారం కోసం ఆవిడ తమ్ముడు పొదిలి నుంచి పంపిన కాయలవి. నేను దూరంగా ఆగిపోయాను. "రండి మేడమ్, ఊరికే నిలబడే బదులు నాలుగు కాయలు తీయండి. గుంటూరోళ్లకి మేం నేర్పాలా ఏంటి?" అన్నారు ఆవిడ.

వెళ్లకూడదని తెలుసు. పంపు వాడాల్సి వస్తే అంతా వృథా అనీ తెలుసు. కానీ నా జన్మలో మిరప రాశి దగ్గరికి నన్ను రమ్మన్నవాళ్లు లేరు. గాలి సముద్రం వైపు నుంచి వీస్తోంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని, ఘాటు నా మీదికి రాని పక్కన కూర్చున్నాను. తొడిమ ఎలా విరచాలో చేసి చూపించారు. పిల్లలెంతమందని అడిగారు. పెళ్లి కాలేదంటే, "పోన్లే అమ్మా, ఒక బెంగ తక్కువ," అని నూర్జహాన్ గారంటే అందరూ నవ్వారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. అంత సంతోషం ఈ మధ్యకాలంలో నేనెరగను.

బాషా గారు వచ్చి చూసి అక్కడే ఆగిపోయారు. "ఆమెకి ఉబ్బసం. అక్కడెందుకు కూర్చోబెట్టారు?"

నూర్జహాన్ గారి ముఖం చిన్నబోయింది. "చెప్పరేంటమ్మా మీరు?" అన్నారు. వాళ్లు వెంటనే లేచి, టార్పాలిన్ నాలుగు కొసలూ పట్టుకుని రాశిని పెరట్లోకి తీసుకుపోయారు. నా కోసమే చేశారు. వేపచెట్టు కింద మళ్లీ నేనొక్కదాన్నే మిగిలాను. బాషా గారు ఊపిరి కొలిచే గొట్టంలోకి నాచేత ఊదించి, అరగంట ఆగి మళ్లీ ఊదించారు. పొద్దున ఊదినప్పుడు వచ్చినంతే వచ్చింది, పిల్లికూతలు లేవు. సబ్బుతో చేతులు బాగా కడుక్కోమన్నారు. కడుక్కున్నాను.

పడవ వెళ్తుంటే ఒడ్డు సన్నటి గీతలా అయింది. మాస్కు అద్దానికి ఆవిరి పట్టకుండా లోపల ఉమ్మి, వేలితో రుద్దమన్నారు బాషా గారు. రుద్ది, పైపైన కడిగి పెట్టుకున్నాను. తాడు పట్టుకుని ఇద్దరం దిగాం. మనిషి ఎత్తు లోతుకి వెళ్లామో లేదో కళ్లు భగ్గుమన్నాయి. ముక్కు లోపల నిప్పు పెట్టినట్టయింది. ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆ తర్వాత తెలిసింది, సబ్బుకి నా వేళ్ల మీది ఘాటు పోలేదని.

బాషా గారు బొటనవేలు పైకి చూపించి, పైకి వెళ్దామా అని సైగతో అడిగారు. పైకి వెళ్తే దగ్గు, దగ్గొస్తే పంపు, పంపు నోట్లో పెడితే మళ్లీ ఒడ్డే. ఆగమని అరచేయి చూపించి మాస్కు ముఖం మీంచి లాగేశాను. ఉప్పునీళ్లు కళ్లలోకి, ముక్కులోకి కొట్టాయి. ఆయన చేయి నా భుజం మీద ఉంది, ఊపిరి మాత్రం నాదే. నోటితో పీల్చాను, నెమ్మదిగా వదిలాను. మళ్లీ పీల్చాను. మాస్కులో నీళ్లు ఆడించి మళ్లీ పెట్టుకుని ముక్కుతో ఊదాను. నీళ్లు పోయాయి. మంట ఉంది గానీ కళ్లు తెరవగలిగాను.

అడుగున ఇసుకలో మోకాళ్లూనాను. ఇరవై అడుగుల లోతు ఉంటుందేమో. చాచిన చేతికి అవతల అంతా పచ్చటి మసక. రంగురంగుల చేపలు కావాలంటే ఇక్కడికి రాకండి, నాకు కనిపించింది ఒక చిన్న పీత మాత్రమే. అక్కడ వినిపించేది నా ఊపిరి ఒక్కటే. పక్కవాళ్లకి వినబడుతుందేమోనని చిన్నప్పుడు దుప్పటి కప్పుకుని దాచిన ఊపిరి అది. దాన్ని కూర్చుని విన్నాను. ఏ కూతా లేకుండా వస్తూ పోతూ ఉంది. మాస్కులోపల ఏడ్చాను. అందులో మిరపకాయల వాటా ఎంతో చెప్పలేను.

తిరిగి వచ్చేసరికి రాశి అయిపోయింది, ఆడవాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు. నూర్జహాన్ గారు పెరటి తలుపు గట్టిగా మూసి, దూరంగా వరండాలో నాకు పీట వేసి పులుసు వడ్డించారు. రుచిగా ఉంది. మధ్యాహ్నం ఒంగోలులో గుంటూరు బస్సెక్కాను. రెండు రోజుల డైవింగ్‌కీ కలిపి ఎనిమిది వేలయింది. సముద్రం అడుగు చూసొచ్చానని చెప్పడానికి పక్క సీట్లో ఎవరూ లేరు. వేళ్లు ఇంకా మండుతున్నాయి.

మార్టూరు దాటాక తమ్ముడు ఫోన్ చేశాడు. సముద్రం సంగతి చెబుదామనుకున్నాను, నోటికొచ్చింది వేరే. "చేతులు మండుతున్నాయిరా. మిరపకాయల తొడిమలు తీశాను."

వాడు ఆయాసం వచ్చిందా అని అడిగాడు. లేదన్నాను. "సబ్బుతో కడిగుంటావు. దాంతో పోదక్కా, ముందు నూనె రాసుకోవాలి," అని, వెనక్కి తిరిగి గట్టిగా అరిచాడు, "విన్నారా, అక్క కాయలు తీసిందంట. సబ్బుతో కడిగిందంట." కళ్లంలో ఆడవాళ్లు ఘొల్లున నవ్వారు. ఆ నవ్వుల్లో మొదటిసారి నేనున్నాను.

మిరప పండే ఊళ్లో పుట్టి, చేతులకి నూనె రాయాలని తెలియకుండా నలభై ఏళ్లు బతికానంటే, నన్నెంత జాగ్రత్తగా కాపాడారో మీరే ఊహించుకోండి. వాళ్ల మీద నాకు కోపం లేదు. వచ్చే ఏడూ కాయ కళ్లంలో ఉన్నప్పుడు రావద్దనే అంటారు, నేనూ వెళ్లను. కాకపోతే ఇప్పుడు నాకు వెళ్లడానికి ఇంకో చోటుంది, అక్కడ ఒంటరిగా ఉండటం తప్పు కాదు. మీరు ఇటు వచ్చేటట్టయితే డాక్టరు మాట, నేర్పేవారి మాట వినడం ఎలాగూ తప్పదు. దాంతో పాటు నాదొక చిన్న సలహా: మిరపకాయలు తీసి ఉంటే, మాస్కు ముట్టుకునే ముందు చేతులకి కొబ్బరినూనె రాసి, ఆ తర్వాత సబ్బుతో కడుక్కోండి. నా బ్యాగులో ఆ రోజు చిన్న నూనె సీసా ఉంది. తీయలేదు. గుంటూరు వచ్చేదాకా వేళ్లు అలాగే మండనిచ్చాను.