దేవమాత దువ్వెన

దేవమాత తలమీద జుట్టు పెరుగుతుందని ఆ బడిలో చదివిన పిల్లలందరూ నమ్మేవారు. ఏటికి వేలెడు చొప్పున పెరుగుతుందట. ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచిన పిల్ల మెడకు ఆ జుట్టు కొస వచ్చి చుట్టుకుంటుందట. ఒక పిల్లకు అలా చుట్టుకుంటే విడిపించడానికి ఇద్దరు సిస్టర్లూ ఒక వడ్రంగీ పట్టారట. ఈ కబుర్లన్నీ పుట్టించింది జడక్క. ఆమె ఆ గుడిని ఊడ్చే మనిషి.

జుట్టు పెరగడం అబద్ధం గాని, జుట్టు మాత్రం నిజం. కొయ్య స్వరూపానికి మనిషి జుట్టు. ఆ మనిషి జడక్కే.

చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆమెను ధర్మాసుపత్రి నుంచి సిస్టర్లు తీసుకొచ్చారు. ఆసుపత్రీ వాళ్ళదే, బడీ వాళ్ళదే, బడి వెనక అనాథ పిల్లల ఇల్లూ వాళ్ళదే. తల్లి ఆసుపత్రి మంచం మీద లేచి కూర్చుని, దగ్గుకీ దగ్గుకీ మధ్య పాయలు తీసి, కూతురికి మోకాళ్ళు దాటే జడ అల్లింది. అల్లడం అయిపోయింది, తల్లీ అయిపోయింది. ఆ అల్లిక విప్పనివ్వకుండా పిల్ల రెండు చేతులతో తల పట్టుకుని పడుకునేది. చివరికి అప్పటి మదర్ కత్తెర తెచ్చి, "దేవమాతకు ఇస్తున్నావు తల్లీ, ఎంత అదృష్టం" అని మెడ దగ్గరికి కత్తిరించింది. అదృష్టం అంటే ఏమిటో పిల్లకు అర్థమయ్యేలోపు జడ గుడిలోకి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ తలమీద అంత జుట్టు రాలేదు. వచ్చిన నాలుగు వెంట్రుకలూ మొహమాటానికి వచ్చిన చుట్టాల్లా వచ్చాయి. ఎలుక తోకంత పిలకతో తిరిగే మనిషిని అందరూ జడక్క అనేవారు.

పెద్దయ్యాక పెళ్ళి చేస్తామంటే వద్దంది. బయట పని చూపిస్తామంటే వద్దంది. గుడి చీపురు చేతికిస్తే చాలంది. శనివారం తలుపులు మూసుకుని ఆ జుట్టు ఊడదీసి, సబ్బునీళ్ళలో ముంచి, బోర్లించిన కుండ మీద ఆరబెట్టేది. అంతసేపూ బోడి దేవమాతకు తుండుగుడ్డ చుట్టి ఉంచేది, ఎవరైనా చూస్తే పరువు పోతుందని. ఆరాక తల్లి వదిలిపోయిన కొయ్య దువ్వెనతో దువ్వి, తల్లి అల్లినట్టే అల్లి, కాసేపు చూసుకుని విప్పేసేది. ఆ దువ్వెన తన తలకు కూడా తగలనిచ్చేది కాదు.

మిగతా రోజుల్లో ఆమె మంచిది కాదు. పాపిడి వంకరగా తీసుకున్న పిల్ల చెవి మెలిపెడితే అది మర్నాటి దాకా గంటలా మోగేది.

ఏళ్ళు గడిచి దేవమాతకు జుట్టు పలచబడింది. బడి పెట్టి అప్పటికి చాలా కాలమైంది, ఆ వేడుకకు బిషపుగారు వస్తున్నారు. కొత్త మదర్ పనిమంతురాలు. కప్పు కారే తరగతులకు కప్పు వేయించింది, మూతబడ్డ మందుల గది తెరిపించింది. ఏదీ వృథాగా పడి ఉండటం ఆమెకు గిట్టదు.

"ఇదేమిటి, దేవమాతకు మాడు కనిపిస్తోంది?" అంది గుడిలో నిలబడి.

"వెనక్కి దువ్వి కప్పేస్తాను మదర్."

"ఏటికి వేలెడు పెరుగుతుందని పిల్లలకు చెప్తావటగా. పెరిగిందంతా ఏమైంది, నువ్వు తిన్నావా?"

పక్కనున్న సిస్టర్లు నవ్వారు. జడక్క నేల చూసింది.

"బిషపుగారు వచ్చేలోపు కొత్తది పెట్టిద్దాం. ఇది తీసి పారేయ్. ఇంట్లో పండేది పెట్టుకుని బజారుకెందుకు?" అంటూ మదర్ కిటికీలోంచి పెరట్లో వరసగా కూర్చున్న పిల్లలను చూసింది. చూపు వెళ్ళి పిచ్చుక మీద వాలింది.

పిచ్చుక కొత్తగా వచ్చిన పిల్ల. మనిషి పిడికెడు, జడ బారెడు. "ఆ జుట్టు తలంటి, దువ్వి, బాగు చెయ్. వేడుకకు ముందు కత్తిరిద్దాం," అని మదర్ జడక్కకు పురమాయించింది.

పెరట్లో జడక్క పిల్లను ముందు కూర్చోబెట్టుకుంది. ఇంటి దువ్వెన ఆ జుట్టులో దిగి రెండు పళ్ళు రాల్చుకుంది. ఇంకోటి కోసం వంటింట్లోకి వెళ్ళడానికి బద్ధకించిందో, మరేమైందో, జడక్క తన నడుముకు దోపుకున్న కొయ్య దువ్వెన తీసింది.

"ఇది నొప్పి పెట్టట్లేదు పెద్దమ్మా," అంది పిచ్చుక. "రోజూ దీంతోనే దువ్వవా?"

"మెదలకు."

"మా నాన్న నన్ను ఇక్కడ దిగబెట్టినప్పుడు జడ కత్తిరించుకోవద్దన్నాడు. నువ్వు పెద్దదానివైపోయినా జడ చూసి గుర్తుపడతానన్నాడు."

"వస్తాడని నమ్మకమేనా?"

"రాకపోతే జడ సంగతెందుకు చెప్తాడు?"

జడక్క ఇంకో చిక్కు విడదీసింది. పిల్ల ఆమె మోకాలి మీద తల వాల్చి నిద్రపోయింది. ఆ ఒళ్ళో అంతవరకు ఎవరూ నిద్రపోయిన పాపాన పోలేదు. వంటామె గుమ్మంలో గిన్నె తోముతూ చూసి మూతి తిప్పుకుంది.

జడక్క కదలకుండా కూర్చుని ఆలోచించింది. ఈ జుట్టు గుడిలోకి వెళ్తే, అమ్మ అల్లిన జుట్టు చెత్తకుప్పకి వెళ్తుంది. పేలు పట్టిన తలకు గుండు, జుట్టు పొయ్యికి: ఆ ఇంటి చట్టం అందరికన్నా ఆమెకే బాగా తెలుసు. పొయ్యిలో పడ్డ జుట్టు దేవమాతకు పనికిరాదు. మనసు అటూ ఇటూ ఊగింది. ఊగిందే గాని, ఎక్కువసేపు కాదు.

"పిచ్చుక జుట్టు పనికిరాదు మదర్. తలంతా పేలు."

"నువ్వు చూశావా?"

"నా కళ్ళతో చూశాను."

"బంగారంలాంటి జుట్టు," అని మదర్ నిట్టూర్చింది. "సరే, చేసేదేముంది, దేవమాతకు పాతదే ఉండనీ. పిల్లకు గుండు చేసెయ్. నువ్వే చెయ్యి, నీకు బాగా చేరికైంది."

కత్తెర చూడగానే పిల్లకు విషయం తెలిసింది. "పేలు లేవుగా పెద్దమ్మా. నువ్వేగా దువ్వావు. నువ్వు చూశావుగా."

"కదిలితే చెవి తెగుతుంది," అంది జడక్క.

పిచ్చుక కదల్లేదు. ఏడవలేదు కూడా. జడ పొయ్యిలో చిటపటలాడుతుంటే దగ్గరే నిలబడి చివరిదాకా చూసింది. "ఇవాళ కూడంతా ఈ కంపే, ఎవరు తింటారు?" అని వంటామె సణిగింది. అందరూ తిన్నారు.

శనివారం జడక్క కులాసాగా గుడి తలుపులు మూసుకుంది. కుండ మీద జుట్టు ఆరుతోంది, దువ్వెన పక్కనే ఉంది. మదర్ తలుపు తట్టింది. వెనక వంటామె, ఆమె వెనక పిచ్చుక.

"ఆ పిల్ల తల ఏ దువ్వెనతో దువ్వావు?"

జడక్క చెయ్యి దువ్వెన మీదికి వెళ్ళింది.

"అదిగో అదే మదర్," అంది వంటామె. "ఒళ్ళో పడుకోబెట్టుకుని మరీ దువ్వింది. అప్పుడే అనుకున్నా, ఈవిడకు ఇంత ప్రేమేమిటా అని."

"పేలున్న తల దువ్విన దువ్వెనతో దేవమాతకు దువ్వుతావా? బిషపుగారు వంగి ముద్దు పెట్టుకునే స్వరూపం అది. తియ్యి. జుట్టూ దువ్వెనా రెండూ పొయ్యిలోకి."

జడక్క కుండను కావలించుకుంది. "పేలు లేవు మదర్. నేను అబద్ధం చెప్పాను. ఒక్కటి కూడా లేదు."

"నీ కళ్ళతో చూశానన్నావు."

"చూడలేదు. మా అమ్మ మీద ఒట్టు. పిల్లనే అడగండి."

మదర్ పిచ్చుక వైపు తిరిగింది. "ఏమ్మా, తల దురద పెట్టేదా?"

పిచ్చుక జడక్కను చూసింది. కుండను చూసింది. మెల్లగా చెయ్యెత్తి నున్నటి గుండు మీద గోళ్ళతో గీరుకుంది.

"పెట్టేది మదర్. రాత్రిళ్ళు నిద్రే పట్టేది కాదు."

వంటింటి పొయ్యి రెండోసారి కంపు కొట్టింది. పాత జుట్టు కదా, చిటపటలు కూడా లేవు, ఒక్క మంటకే పోయింది. దువ్వెన మాత్రం కాసేపు మండింది.

వేడుకనాటికి దేవమాత తలకు నీలం ముసుగు కప్పారు. నిరాడంబరం ఎంత బాగుందో అన్నారు బిషపుగారు. మదర్ సంతోషపడింది.

ఆ గుండు రోజుల్లోనే ఒకాయన గేటు దగ్గరికి వచ్చి, బారెడు జడ పిల్ల ఉందా అని అడిగితే లేదని పంపేశానని గేటు మనిషి చెప్పాడు. అతను చెప్పేవాటిలో సగం అబద్ధాలు. ఇది ఏ సగమో ఎవరూ తేల్చలేదు. పిచ్చుక మాత్రం విన్నది.

ఆమె జుట్టు మళ్ళీ పెరిగింది. భుజాలు దాటింది, నడుము దాటింది. బడి ముగించి, అదే బడిలో టీచరమ్మ అయ్యాక కూడా ఎవరినీ తల ముట్టుకోనివ్వలేదు, ఒక్కరిని తప్ప. శనివారం గుడి మెట్ల మీదికి వచ్చి, ముసలిదైపోయిన జడక్క ముందు కూర్చుని, దువ్వెన చేతికిచ్చేది.

"దువ్వు పెద్దమ్మా."

జడక్క దువ్వేది. పాయలు తీసి అల్లేది. అల్లడం అయ్యాక పిచ్చుక వెనక్కి తిరగకుండానే అడిగేది.

"పేలున్నాయా?"

"లేవమ్మా."

"బాగా చూశావా?"

"చూశాను."

"సరే. వచ్చే శనివారం మళ్ళీ చూద్దువుగాని."