ముహూర్తం చీరలో నల్లపోగు

పంతొమ్మిదివందల డెబ్బైల చివర్లో, ధర్మవరం బస్సులో నా పక్కన కూర్చున్న మగ్గం నేసే ఆమె పళ్లు నూరుతూ చెప్పింది.

"ఇల్లులాంటి మోటారుబండిలో జర్మనీ దంపతులు మా వీధికి వచ్చినారమ్మా. ఆ బండిలోనే వాళ్ల దేశంలో పాత ఊర్లన్నీ తిరిగినారంట. ఆకురాలే కాలం ఫోటోలు చూపిచ్చినారు. ఆ ఎర్రాకులు, ఆ మొనదేలిన కప్పుల ఇండ్లు చీర అంచులోకి దింపినా. మాకు నేతపని ఇచ్చే శావుకారు ఆ డిజైను తనదేనని వాళ్లకే చెప్పినాడు! ఇప్పుడు వాని కూతురి ముహూర్తం చీర నేసే పని నాకే ఇచ్చినాడు. పెళ్లికి పనికిరాని నల్లపోగు అంచులో ఏసినా. వాని ఇంట్లో శుభం ఎట్లయితాదో చూస్తా."

ఎర్రాకుల అంచు తన ఊహేనని ఇంటికొచ్చినవాళ్లందరికీ చెప్పుకునే శావుకారు మా నాయనే. ఆ పెళ్లికూతుర్ని నేనే.

పెళ్లినాడు అంచు వెతికితే నల్లపోగు దొరికింది. పీకేయకుండా ఆ చీరే కట్టుకుని నాయన కాళ్లకు మొక్కాను.