నాలుక మీద వాత

మా అన్నయ్యకు దెయ్యం పట్టలేదు. ఆ సంగతి ఊరు మొత్తంలో నాకొక్కదానికే తెలుసు. తెలిసి కూడా నోరు విప్పాల్సిన చోట మూసుకున్నాను, మూసుకోవాల్సిన చోట విప్పాను. నా ఘనకార్యాలు ఈ రెండే.

అన్నయ్యకున్నదానికి ఆటిజం అని పేరుందని ఇప్పుడు మా మనవరాలు చెబుతోంది. డాక్టరు చదివింది కదా, చెబుతుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అనకాపల్లి పక్కన మా ఊళ్లో దానికున్న పేర్లు వేరు. పిచ్చి అనేవారు, పొగరు అనేవారు, చివరికి గాలి అన్నారు.

అన్నయ్యకు అప్పుడు పంతొమ్మిదేళ్లు, నాకు పన్నెండు. ఏడేళ్లు పెద్దవాణ్ణి 'వాడు' అంటున్నానేమిటని అనుకోకండి. ఇంట్లో అందరూ అలాగే అనేవారు, నాకూ అదే అలవాటైంది. బెల్లం వండే రోజుల్లో పెనం పక్కన ఊగుతూ నిలబడి, పాకం దింపాల్సిన క్షణానికి చెయ్యెత్తేవాడు. ఆ లెక్క మా నాన్నకు కూడా అంత బాగా తెలియదు. ఆ నాలుగు నెలలూ వాడు బంగారు కొండ, మిగతా ఎనిమిది నెలలూ దున్నపోతు.

ఏదడిగినా జవాబు చెప్పేవాడు కాదు. అడిగిన మాటనే, అడిగిన రాగంలోనే తిరిగి అప్పజెప్పేవాడు. "అన్నం తింటావా?" అంటే "అన్నం తింటావా?" అనేవాడు. అంటే తింటానని అర్థం. నాకు ఇది భలే ఆటగా ఉండేది. నా జట్టు పిల్లల్ని పోగేసి, "నేను గాడిదని, మా అయ్య ముసలి గాడిద" అని వాడి ముందు అనేదాన్ని. వాడు అక్షరం పొల్లుపోకుండా అనేవాడు. మేం పడిపడి నవ్వేవాళ్లం. పిల్లలు దాన్ని పిచ్చి అనుకునేవారు, పెద్దలు పొగరనుకునేవారు.

ఎలమంచిలి వైపు నుంచి పెళ్లివారు వచ్చినప్పుడు గుట్టు రట్టయింది. పిల్ల తండ్రి ముద్దుగా "నీ పేరేటి బాబూ?" అన్నాడు. మావాడు ఆయన మొహంలోకి చూడకుండా "నీ పేరేటి బాబూ?" అన్నాడు. ఆయన తాంబూలం ముట్టకుండా లేచిపోయాడు. నాన్న వాణ్ణి ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరు చెవుల్లోకి, గొంతులోకి చూసి, "అన్నీ బాగానే ఉన్నాయి, పొగరే ఎక్కువ. నాలుగు తగిలించండి" అన్నాడు. నాలుగేం ఖర్మ, నలభై తగిలించారు. దానికీ లొంగకపోయేసరికి ఇది గాలేనని తేల్చేసి, కోటవురట్ల నుంచి భూతవైద్యుణ్ణి పిలిపించారు.

ఆ వైద్యానికో పద్ధతి ఉంది. దెయ్యం తన నోటితోనే పోతానని ఒప్పుకోవాలి. అంతవరకు కొడుతూనే ఉంటారు. దెబ్బలు మనిషికి తగలవు, దెయ్యానికే తగులుతాయని అందరి నమ్మకం.

అమావాస్యనాడు మిట్టమధ్యాహ్నం వాణ్ణి మా వాకిట్లో రాటకు కట్టారు. మిరపకాయల పొగ వేశారు. భూతవైద్యుడు చింత బరికె ఝళిపించి, "ఎవర్తివే నువ్వు?" అన్నాడు.

"ఎవర్తివే నువ్వు?" అన్నాడు అన్నయ్య దగ్గుతూ.

"అమ్మో, గట్టి పిండమే! ఎదురడగతంది సూడు" అంది మా అత్త.

"పోతావా, పోవా?"

"పోతావా, పోవా?"

వాడలా అన్న ప్రతిసారీ బరికె వీపు మీద పడేది. నేను ఒక్క మాట చెబితే ఆగేది. కానీ నీకెలా తెలుసని అడుగుతారు, మా నాన్నను ముసలి గాడిద అనిపించిన సంగతి బయటికొస్తుంది. నా వీపు నాకు ముద్దు. అందుకని వాడి వీపు చిట్లేదాకా చూస్తూ నిలబడ్డాను.

రక్తం కనబడ్డాక ఇక ఉండలేకపోయాను. నీళ్లు పట్టే వంకతో చెంబు తీసుకుని వెళ్లి, వాడి చెవిలో "పోతాను, పోతాను" అన్నాను.

"పోతాను, పోతాను" అన్నాడు వాడు, అచ్చం నా సన్నగొంతుతో.

ఆడగొంతు వినబడేసరికి జనం చేతులెత్తి మొక్కారు. బరికె ఆగింది. అన్నయ్యను నేనే కాపాడానని పొంగిపోయాను. పొంగు ఒక్క నిమిషమే.

"పోనాది" అన్నాడు భూతవైద్యుడు. "కానీ పలికిన నాలిక ఎంబడే మల్లీ వత్తాది. ఆ తలుపు మూసెయ్యాల."

పసుపు కొమ్మును దీపం మీద ఎర్రగా కాల్చాడు. నాన్న దవడలు పట్టుకున్నాడు, అమ్మ కాళ్లు పట్టుకుంది. నేను పలికించకపోతే ఆ వాత ఉండేది కాదు. కొట్టి కొట్టి వాళ్లే అలిసిపోయేవారు.

పుండు మానింది గానీ మాట తిరిగి రాలేదు. అన్నం తింటావా అంటే గోడకేసి చూసేవాడు. ఊళ్లో వాళ్లు మాత్రం "ఎంత నెమ్మదైపోయేడో!" అని మెచ్చుకున్నారు.

నెల తిరక్కుండా, వంటింట్లో అమ్మ ఒక్కర్తీ ఉన్నప్పుడు అంతా చెప్పేశాను. గాడిద సంగతి కూడా దాచలేదు. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఏమీ చెయ్యలేదు.

"నువ్వు సెప్పింది నిజమనుకో. అప్పుడు ఆడి కాళ్లు అట్టుకున్న నేనెవర్తిని?" అంది.

అమ్మ పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది.

"ఆడికి దెయ్యం అట్టింది. ఒగ్గేసింది. ఇంకోపాలి ఈ మాటెత్తినావంటే అది నీ మీదికి వచ్చిందనుకుంటాను. ఆ కోటవురట్ల ఆయన్నే పిలిపిత్తాను."

మరుసటి ఏడు కానుక పట్టుకుపోవడానికి భూతవైద్యుడు మా ఇంటికి వచ్చాడు. అందరికన్నా ముందు వెళ్లి ఆయన కాళ్లకు దణ్ణం పెట్టింది నేనే.