వేళ్ళ వెనక నడిచే లాప్‌టాప్

మా వదిన ఎవరితోనూ పోట్లాడదు. ఆ పని ఇంట్లో నాకు అప్పజెప్పింది. కూరల బండి దగ్గర బేరం, ఇంటి ఓనరుతో నీళ్ళ గొడవ, మందులు వేసుకోమని అన్నయ్య వెంటపడటం, అన్నీ నా వంతే. అందుకే నాకు మిరపకాయ అని పేరు పెట్టింది. తను మాత్రం ఇరవై ఆరేళ్ళు ఒక జాబ్ టైపింగ్ సెంటర్లో తలొంచుకుని కూర్చుని జనాల దస్తావేజులూ అర్జీలూ కొట్టి పెట్టింది.

ఆ సెంటరు కళ్ళద్దాల షాపు పైన ఉండేది. ఇరుకు మెట్లు, రెండు టైపు మెషిన్లు, కార్బన్ కాగితాల పెట్టె, ఎప్పుడూ ఐదు నిమిషాలు ముందుండే గోడ గడియారం. కంప్యూటరు ఒకటి ఉండేది గాని దాని ముందు ఓనరు తప్ప ఎవరూ కూర్చోకూడదు. మూడు కాపీలు కావాలన్న కాగితాలన్నీ వదిన మెషిను మీదకే వచ్చేవి. ఆవిడ కీల వంక చూడదు. చేతిరాత కాగితం ఎడంపక్క పెట్టుకుని కళ్ళు దానిమీదే ఉంచి కొడుతుంది. నేర్చుకునే రోజుల్లో వాళ్ళ మాస్టారు చేతుల మీద రుమాలు కప్పి కొట్టించేవాడట. ఎంత కోడిగీతల రాతయినా చదివేస్తుంది. నేను ఆస్పత్రిలో పేర్లు కంప్యూటర్లో ఎక్కించుకునే కౌంటర్లో పనిచేస్తాను. అక్కడి డాక్టర్ల చేతిరాత చదవడం నాకు నేర్పింది కూడా వదినే.

మొన్న వేసవిలో ఓనరు సెంటరు మూసేశాడు. అంతకు మూడు నెలల ముందే లారీ నడిపే అన్నయ్య మోకాలు అరిగిపోయి, ఒక గిడ్డంగి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునే పనికి దిగాడు. వచ్చేది సగమైపోయింది. వదిన ఏదో ఒక పనిలో చేరక తప్పదు. సబ్బుల ఫ్యాక్టరీ ప్యాకింగ్ షెడ్డులో ఖాళీ ఉందని, ఒకటో తారీఖున వచ్చి చేరమని కబురొచ్చింది. ఎనిమిది గంటలూ నిలబడి చేసే పని. వదిన సరేనంది. ఆ సాయంత్రం వంటింట్లో నిలబడి, గిన్నె మూత మీద పది వేళ్ళూ టకటకలాడిస్తోంది. తనకు తెలియకుండానే టైపు కొడుతోంది. 

సరిగ్గా అప్పుడే, సెంటరుకి పాత ఖాతాదారు, పుస్తకాలు అచ్చువేసే సంస్థలో పనిచేసే ఒకావిడ, మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. వాళ్ళకి చేతిరాత పుస్తకాలు చాలా వస్తాయట. ఇంట్లో కూర్చుని కొట్టి పంపే మనుషులు కావాలట. ముందు ఇరవై పేజీలు పరీక్షగా ఇస్తుంది. ఇరవై ఎనిమిదో తారీఖు లోపల తప్పుల్లేకుండా పంపితే, ఇక పని వస్తూనే ఉంటుంది. సొంత కంప్యూటరు మాత్రం ఉండాలి. వదిన ఆ ఇరవై కాగితాలనీ రెండు చేతులతో అందుకుంది. ఆవిడ మెట్లు దిగిందో లేదో, ఇంట్లో సభ మొదలైంది.

కొనడమైతే ఖాయం. ఏది కొనాలన్నదే తగువు. నేను వాయిదాల మీద పెద్దది కొనమన్నాను. పద్దెనిమిది నెలలు కళ్ళు మూసుకుంటే మంచి వస్తువు ఇంట్లో ఉంటుందని నా వాదన. అన్నయ్య తన పాత లారీ ఓనరు దగ్గరున్న వాడిన లాప్‌టాప్ చూసొచ్చాడు. ఒకప్పుడు ఖరీదైనదే గాని దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, కరెంటు పోతే అదీ పోతుంది. మూడోది అన్నిటికంటే చవకది, కొత్తది, చిన్నది. వదిన దగ్గరున్న డబ్బుకి సరిగ్గా సరిపోయేది అదొక్కటే. వదిన ఒక కాగితం మధ్యలో గీత గీసి, ఒకవైపు 'ఇది లేకపోతే పని జరగదు' అనీ, రెండోవైపు 'ఇది లేకపోయినా బతకొచ్చు' అనీ రాసింది. పెద్ద స్క్రీను, గంటలకొద్దీ బ్యాటరీ, సినిమాలు, పాటలు అన్నీ రెండోవైపుకి పోయాయి. మొదటివైపు రెండే మిగిలాయి: కీలు బాగుండాలి, మధ్యలో ఆగిపోకూడదు.

షాపుకి నేనూ వెళ్ళాను. అమ్మే కుర్రాడు చవకదాన్ని చూపించడానికే మొహమాటపడ్డాడు. మెమరీ తక్కువండీ, రెండు పనులు ఒకేసారి ఇస్తే ఆయాసపడుతుంది అన్నాడు. వదిన హ్యాండ్‌బ్యాగులోంచి రుమాలు తీసి కీల మీద పరిచింది. దాని కింద చేతులు పెట్టి, గోడ మీది గడియారం వంక చూస్తూ ఒక అర్జీ మొత్తం కొట్టేసింది. తర్వాత పక్కనున్న ఖరీదైనదాని మీద, ఆపైన ఇంకోదాని మీద. రుమాలు చూసి మొదలైన కుర్రాడి నవ్వు రెండోదానికే ఆగిపోయింది. ఖరీదైనదాని కీలు అట్టముక్క మీద కొట్టినట్టున్నాయని, చవకదానివి పడి సరిగ్గా లేస్తున్నాయని తేల్చింది.

"అది ఆయాసపడుతుందని అతనే చెబుతున్నాడు కదా వదినా. కక్కుర్తి ఎందుకు, వాయిదాల్లో తీసుకో," అన్నాను.

"ఇంకా రాని ఉద్యోగాన్ని నమ్ముకుని పద్దెనిమిది నెలలు మెడకి తగిలించుకోమంటావా? పిండి కొద్దీ రొట్టె, మిరపకాయా. గుడ్డి కన్నా మెల్ల నయం," అంది.

చవకదే కొంది. బస్సులో ఇంటిదాకా నేను ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ డబ్బాని ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నా అలక ఆవిడకి కొత్తేమీ కాదు.

ఇంటికొచ్చాక దాన్ని నేనే తెరిచి, నాకు తెలిసిన నాలుగు ముక్కలూ నేర్పాను. "నీ టైపు మెషిన్లో లైను చివర గంట మోగగానే రోలరు లాగేదానివి చూడు, దాని బదులు ఇక్కడ ఎంటర్ కొట్టు," అని గొప్పగా చెప్పాను. మా కౌంటర్లో నేను ప్రతి పేరు చివరా కొట్టేది అదే మరి. వదిన బుద్ధిగా తలూపింది.

అసలు వేడుక అప్పుడు మొదలైంది. వదిన వేళ్ళ వేగం ఆ బక్కప్రాణికి అందలేదు. ఆవిడ ఒక వాక్యం కొట్టేసి కాగితం వంక చూస్తుంటే, అక్షరాలు తాపీగా ఒక్కొక్కటే తెర మీద నడిచొచ్చేవి. అన్నయ్య కుర్చీ లాక్కుని కూర్చుని, నువ్వు కాఫీ తాగి రా, ఈలోపు అది వస్తుందిలే అని వేళాకోళం చేశాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది, నే చెప్పానా అని అననే అన్నాను. వదిన తెర వంక చూడటం మానేసింది. సెంటర్లో లాగే కళ్ళు చేతిరాత మీద పెట్టి, తెర వెడల్పుకి పట్టే అక్షరాలు మనసులో లెక్కపెట్టుకుని, లైను నిండగానే నోటితోనే చిన్నగా టింగ్ అనుకుని ఎంటర్ కొట్టేది. పేజీ అయ్యాక ఆగి, అది వచ్చి తనని కలుసుకునేదాకా నీళ్ళు తాగేది. ఇరవై నాలుగో తారీఖుకి ఇరవై పేజీలూ వెళ్ళిపోయాయి.

మర్నాడే ఆ అచ్చు సంస్థావిడ ఫోన్ చేసింది. అక్షరం ఒక్కటీ తప్పు లేదట. కానీ పుస్తకం కొలతకి పెట్టగానే ప్రతి లైనూ మధ్యలో తెగిపోయి, రెండేసి మాటలు విడిగా కింద పడుతున్నాయట. లాప్‌టాప్ లైను నిండగానే తనంతట తనే కిందికి దిగుతుందట. పేరా అయ్యాక తప్ప ఎంటర్ ముట్టుకోకూడదట. వదిన మా చిన్న తెర అంచు దాకా వచ్చిన ప్రతిసారీ దాన్ని కొట్టింది, కాబట్టి ఇరవై పేజీలూ ఆ చిన్న తెర కొలతకే బిగుసుకుపోయాయి. ఇలా అచ్చుకి పనికిరాదు, గడువు దాకా ఆగుతాను అని పెట్టేసింది.

నేను గయ్యిమన్నాను. ఆ దిక్కుమాలిన చిన్న తెర వల్లే ఇదంతా, పెద్దది కొని ఉంటే ఈ ఘోరం ఉండేది కాదు అని లాప్‌టాప్‌ని తిట్టిపోశాను. వదిన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

"ఆడలేక మద్దెల ఓడు అనకే. పెద్దదయినా నేను టింగ్ అనే చోట ఎంటరు కొట్టేదాన్నే. తప్పు నా అలవాటుది," అంది.

అలవాటుది కాదు, నాది. ఎంటర్ కొట్టమని నేర్పింది నేను. ఆ మాట ఆవిడ అనలేదు, ఆవిడ అననందుకే నాకు ఏడుపొచ్చింది. "నేనే కదా వదినా నేర్పింది," అన్నాను. "మనిద్దరికీ తెలిసిందంతే," అని నా వీపు తట్టింది. ఆవిడ ఒకటో తారీఖున ఆ షెడ్డులో నిలబడితే, ఆ నిలబడటానికి కారణం నేనని నాకు అర్థమైపోయింది.

ఆ ఎంటర్లన్నీ ఒక్క దెబ్బకి తీసేసే ఉపాయం ఏదో ఉండే ఉంటుంది, మాకెవరికీ తెలియదు. ఒక్కొక్కటీ వెతికి తీద్దామంటే, వెళ్ళమన్న చోటికి వెళ్ళడానికే అది ఆపసోపాలు పడుతోంది. వదిన కాసేపు చూసి కాగితాల కట్ట మళ్ళీ ఎడంపక్కకి జరుపుకుంది. వెతకడం దానికి కష్టం, కొట్టడం నాకు తేలిక, మొదటినుంచీ కొట్టేస్తాను అంది.

నేను రెండు రోజులు సెలవు పెట్టాను. గాయాలకి అంటించే ప్లాస్టరు ముక్క ఒకటి కత్తిరించి ఎంటర్ కీ మీద అంటించాను, వేలికి గరుగ్గా తగిలితే గుర్తొస్తుందని. మొదటి గంటలో వదిన చిటికెన వేలు పదిసార్లు దాన్ని తాకి ఉలిక్కిపడి వెనక్కొచ్చింది. మధ్యాహ్నానికి వేలు దారికొచ్చింది. నోటి టింగ్ కూడా ఆగిపోయింది. నేను పక్కన కూర్చుని, పేరా అయినప్పుడల్లా ఇప్పుడు కొట్టు అని చెబుతూ, పేజీలు అందిస్తూ ఉన్నాను. ఆ బక్కప్రాణి మాత్రం తన నడక మార్చుకోలేదు, వేళ్ళ వెనకే రొప్పుకుంటూ వచ్చింది. ఇరవై ఏడు సాయంత్రం నాలుగింటికి ఆఖరి చుక్క పడింది. అది కనబడేదాకా ముగ్గురం తెర వంకే చూశాం. కనబడగానే అన్నయ్య గుమ్మంలోంచి టింగ్ అన్నాడు.

ముప్ఫయ్యో తారీఖున ఫోనొచ్చింది. వదిన వింటూ ఆఁ, ఆఁ అంటోంది తప్ప మొహంలో ఏమీ తెలియనివ్వదు. నేను గోళ్ళు కొరుక్కుంటున్నాను. పెట్టేశాక, మూడు వందల పేజీల కట్ట ఈ సాయంత్రమే పంపుతున్నారు అంది. చేరేముందు నింపమని ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన ఫారం తీసి, దాని వెనక ఆ పుస్తకం గడువు తేదీ రాసుకుంది. నాకు ఎంత సంతోషమేసిందంటే, వెంటనే పోట్లాటకి దిగాను. ఇకనైనా మొదటి డబ్బు రాగానే పెద్దది కొను అన్నాను.

"కొందాంలే, అది తనంతట తను వద్దనేదాకా ఉండనీ. నా వెనకే నడిచింది గాని, మధ్యలో ఎక్కడా ఆగిపోలేదు కదా," అంది.

ఒకటో తారీఖు పొద్దున నేను ఆస్పత్రికి బయల్దేరుతూ ముందు గదిలోకి తొంగిచూశాను. వదిన ఉతికిన చీర కట్టుకుని, జడ బిగించుకుని, ఎప్పటిలాగే టిఫిన్ డబ్బా కట్టుకుంది. దాన్ని వంటింట్లోంచి కిటికీ పక్క బల్ల దాకా పట్టుకొచ్చి, గోడవారగా పెట్టి, తొమ్మిదయ్యేదాకా ఆగి లాప్‌టాప్ తెరిచింది. ఎంటర్ మీద ప్లాస్టరు ఇంకా అలాగే ఉంది. అన్నయ్య గేటు డ్యూటీకి చెప్పులు వేసుకుంటూ అడిగాడు.

"ఏం మేడమ్, సీటు దొరికిందా?"

"దొరికిందండీ," అంది వదిన, కళ్ళు కాగితం మీంచి ఎత్తకుండానే.